చేవదేరిన గుండె

మా బావగారికి డెబ్బై నిండాయి. మండవల్లి దగ్గర చేపల చెరువులు చేస్తారు. కలపకు చేవ వచ్చినట్టే వయసుతోపాటు గుండెకూ చేవ వస్తుందని ఆయన సిద్ధాంతం. అందుకు ఆయన చూపే ఆధారం తాడేపల్లిగూడెంలో కొట్టు నడిపే అల్లుడు. నలభై దాటని ఆ అల్లుడు ఒకనాడు ఛాతీనొప్పితో పూటంతా కొట్లోనే గడిపి, ఆ తరవాత ఏలూరు ఆసుపత్రిలో చేరి, నెల తిరక్కుండా మళ్ళీ త్రాసు ముందు కూర్చున్నాడు. లేతగుండే తట్టుకున్నప్పుడు తన గుండెకేమిటన్నది బావగారి లెక్క. రోజూ డైరీలో తేదీలూ కూడికలూ రాసుకునే నేను, ఇంత ధీమాగా చేసిన తప్పుడు లెక్కను మరెక్కడా చూడలేదు.

ఆ ఉదయం నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. చెరువులో చేపలు పట్టి తూకం వేసి అమ్మే రోజు. తెల్లవారుతుండగా కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయాయి. బావగారు గట్టుమీదికి పరుగెత్తి జనరేటరు వేయించారు. "చేపపిల్లయితే కాసేపు ఓర్చుకుంటుంది, పెద్ద చేప ఆగదురా" అని పనివాళ్ళను కసిరి, తిరిగి వచ్చి వాకిట్లో కుర్చీలో కూలబడ్డారు. ఒళ్ళంతా చెమట. ఎడమచెయ్యి లాగుతోందన్నారు. గడియారం చూశాను. ఆరు దాటింది.

"ఏవండీ, కారు తీయిస్తాను, ఏలూరు వెళ్దాం" అంది అక్క.

"గ్యాసే. తూకం అయ్యాక చూద్దాం."

"చేపలకైతే నిమిషం ఆగలేదు కదండీ మీరు."

"చేపా నేనూ ఒకటేనా?"

తూకం చూడటానికి చేరిన పెద్దమనుషులు నవ్వారు. ఒకరు సోడా తెప్పించారు. మరొకరు వాము నమలమన్నారు. గుండెనొప్పి కావచ్చునని నేనంటే, "మా బావమరిదికి గడియారం చూడ్డం తప్ప ఇంకేం రాదండీ" అని వాళ్ళకు పరిచయం చేశారు బావగారు. అంతమంది అనుభవజ్ఞులలో ఒక్కరికీ గేటు ముందున్న కారు కనబడలేదు. తూకం మధ్యలో ఆయన వాంతి చేసుకుంటేగాని ఆ సభ చెదరలేదు. అప్పటికి ఎనిమిదిన్నర.

ఏలూరులో డాక్టరుగారు మూసుకున్న రక్తనాళం తెరిచి బయటికి వచ్చి, గుండె బాగా దెబ్బతిందన్నారు. అల్లుడు అంత ఆలస్యాన్నీ తట్టుకున్నాడు కదా, ఈయనకెందుకిలా అయిందని అడిగాను.

"ఒక్కొక్కరిది ఒక్కో తీరండీ. కానీ రక్తం అందనప్పుడు పడుచు గుండె తనను తాను కొంత కాచుకుంటుంది. వయసు పైబడేకొద్దీ ఆ శక్తి తగ్గిపోతుంది. ఆలస్యం అంతే అయినా నష్టం ఎక్కువ. పెద్దవాళ్ళనైతే ఇంట్లో అసలు ఆపకూడదండీ."

గుండె కండరంలో కొంత చచ్చిపోయిందనీ, అది మళ్ళీ రాదనీ చెప్పారు.

ఇప్పుడు బావగారు చెరువుగట్టు ఎక్కలేరు. వరండాలో కూర్చుని దూరాన్నుంచి నీళ్ళు చూస్తారు. ఆ పెద్దమనుషులే వచ్చి, "గట్టి గుండె కాబట్టి బయటపడ్డారండీ" అని అభినందించి పోతుంటారు. ఆయన కాదనరు.

మొన్న నేనుండగానే కరెంటు పోయింది. "జనరేటరు" అంటూ లేచిన బావగారు నాలుగడుగులైనా వేయకముందే ఆయాసపడి స్తంభం పట్టుకున్నారు. అక్క కుర్చీ దగ్గరికి జరిపింది. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి మాత్రం చాలా ఆదరంగా అడిగారు:

"సోడా తెప్పించమంటారాండీ?"