కుంకుమ బొట్టు కింద పోయిన అంకె

2024లో, వానలు మొదలైన రోజుల సంగతి. రాష్ట్ర సరిహద్దులో జూజువాడి చెక్‌పోస్టు దగ్గర నాకు సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు ఉంది. లారీ డ్రైవర్లు ఛార్జర్లకు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పగిలిన డిస్‌ప్లేలకు వస్తుంటారు. అత్తిముగం రైతు నారాయణప్ప మాత్రం ఖాళీ అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు.

బస్సులో ఫోను పోయిందట. స్టేషనులో ఐఎంఈఐ నంబరు తెమ్మన్నారట. ప్రతి ఫోనుకూ పుట్టుకతో వచ్చే పదిహేనంకెల సంఖ్య అది. దాన్ని ప్రభుత్వ వెబ్‌సైటులో ఎక్కిస్తే, ఆ ఫోనులో ఎవరైనా వేరే సిమ్ము వేయగానే ఆచూకీ దొరుకుతుంది. పెట్టె మీది స్టిక్కరులో ఆ నంబరు ఉంటుంది. ఈయన ఫోను కొన్న ఏడు ఆయుధపూజ నాడు ట్రాక్టరుతో పాటు కొత్త ఫోను పెట్టెకూ పసుపు పూసి, సరిగ్గా ఆ నంబరు మీదే బొట్టు పెట్టాడు. ఇప్పుడు గోటితో గీకితే కుంకుమతో పాటు కాగితమూ లేచి, పన్నెండో అంకె గల్లంతయింది.

"బొట్టు పెట్టేదానికి ఇంగ యాడా చోటు దొరకలేదాప్పా?" అని విసుక్కున్నాను. పోయిన ఫోను కోసం ఇంత ఆరాటమెందుకు, కొత్తది కొనుక్కోమన్నాను.

అప్పుడు చెప్పాడు. వాళ్లమ్మ ఆ వేసవిలోనే పోయింది. ఆమె చేతికి తప్ప పాలివ్వని ఆవు ఒకటుంది. ఆమె దాన్ని పిలుస్తుండగా మనవరాలు ఎప్పుడో సరదాకు రికార్డు చేసింది. ఆమె పోయాక ఆ గొంతు పక్కన వినిపిస్తేనే ఆవు పాలు చేపేదట.

"ఫోను పోయినప్పట్నించీ ఆవు తన్నతా ఉండాదమ్మా," అన్నాడు. "ఆవు సంగతి అట్లుండనీ. పొద్దున్నే అమ్మ గొంతు వినకుంటే నాకే ఇల్లు ఇల్లు మాదిరి లేదు."

పెట్టె నా వైపు లాక్కున్నాను.

ఐఎంఈఐలో ఒక కిటుకు ఉంది. ఎడమ నుంచి రెండో అంకె, నాలుగో అంకె, అలా ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేయాలి. రెట్టిస్తే రెండంకెలు వచ్చినచోట ఆ రెంటినీ కూడాలి. మిగతావి ఉన్నవి ఉన్నట్టే కలపాలి. నంబరు సరైనదైతే మొత్తాన్ని పదితో భాగిస్తే శేషం మిగలదు. టైపు చేసేటప్పుడు దొర్లే తప్పులు పట్టడానికి పెట్టిన ఏర్పాటది. పోయిన అంకెను కూడా పట్టిస్తుందని నాకు ఆ రోజే తట్టింది.

ఉన్న పద్నాలుగూ ఈ లెక్కన కలిపితే అరవై మూడు. డెబ్బైకి ఏడు తక్కువ. పన్నెండోది రెట్టించాల్సిన స్థానం. ఎనిమిదిని రెట్టిస్తే పదహారు, ఒకటీ ఆరూ ఏడు. సున్నా నుంచి తొమ్మిది దాకా అన్నీ వేసి చూశాను, ఇంకేదీ ఏడు ఇవ్వదు. నా కూడికల మీద నాకు నమ్మకం తక్కువ కాబట్టి మళ్లీ మొదటి నుంచి కూడి చూశాను.

"అందాజుగా రాస్తే పోలీసులు ఒప్పుతారామ్మా?" అన్నాడు భయంగా.

"అందాజు కాదప్పా. ఎనిమిది తప్ప ఈడ ఇంగేదీ కూచోదు."

వెబ్‌సైటు మారుమాట లేకుండా తీసుకుంది. కొన్నాళ్లకు కావేరిపట్టణంలో ఎవరో ఆ ఫోనులో సిమ్ము వేశారు, పోలీసులు పట్టుకొచ్చారు. నారాయణప్ప స్టేషను నుంచి నేరుగా కొట్టుకే వచ్చాడు. రికార్డింగు ఉందో లేదో చూసుకునే ధైర్యం లేక నన్నే చూడమన్నాడు.

ఉంది. "దా గౌరీ, దామ్మా" అని ముసలామె పిలిచింది. ఆయన స్టూలు మీద కూలబడి, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. ముందు ఆ గొంతును మెమరీ కార్డులోకి ఎక్కించి గానీ ఆయన్ని కదలనివ్వలేదు.

ఇప్పుడు ఎవరు ఫోను రిపేరుకిచ్చినా, స్క్రూలు విప్పకముందే ఒక మాట అడుగుతాను: దీంట్లో పోగొట్టుకోకూడనిది ఏముంది?