ఎడమ చేతి చిప్ప

మామిడికాయలు పచ్చడికి వచ్చే రోజుల్లో కాన్వెంటు బడిలో మాకు సైన్స్ చెప్పిన సిస్టర్ పోయారు. ఖమ్మం దవాఖానాలో, తెల్లవారుజామున. ఆ కబురు మా టెన్త్ వాట్సాప్ గ్రూపులో చూశాను. అమ్మ వాకిట్లో ఆల్చిప్పతో కాయల చెక్కు తీస్తోంది. చెప్పగానే ఆమె చెయ్యి ఆగింది.

"నిన్ను బడి మాననియ్యలేదు, ఆ తల్లి," అంది.

నిజమే. మాది జూలూరుపాడు దగ్గర అడవి అంచు ఊరు. కాన్వెంటులో ఎక్కువమంది బొగ్గుగని కాలనీ పిల్లలు. ప్రశ్న పూర్తికాకముందే చేతులెత్తేవారు. నాకు జవాబు తెలిసినా గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. తొమ్మిదో తరగతి మధ్యలో అమ్మతో, "నేనింక పోను. వాళ్ళ ముందు నిలవలేను," అన్నాను. అమ్మ ఆ మాట సిస్టర్ చెవిన వేసింది.

సిస్టర్ నన్ను పిలవలేదు, మందలించలేదు. మర్నాడు ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. అందులో కిన్నెరసాని వాగు ఆల్చిప్పలు, ఆవిడే బంకమట్టితో చేసిన మరో రకం చిప్ప ఉన్నాయి. తరగతికి తేలేని ప్రాణినల్లా ఆవిడ మట్టితో చేసి చూపించేవారు. గోళ్ళలో ఎప్పుడూ మట్టే.

"ఇది దీపపు చిప్ప. పాత ప్రమిద లెక్క ఉంటది, చూడండ్రి. మీ నాయనలు తవ్వే బొగ్గు చెట్లయి నిలబడ్డప్పుడు సముద్రంల రాజ్యం దీనిదే. ఆల్చిప్పలు ఓ మూలకుండేటివి. ఇప్పుడు ఏ తీరానికి పోయినా ఆల్చిప్పలే. ఏమైంది?"

"ఆల్చిప్పలు కొట్టి తరిమేసినయ్ సిస్టర్!" అంది ముందు బెంచీ అమ్మాయి.

"నువ్వు చూసినవా?"

అందరూ నవ్వారు. చాలాకాలం పెద్ద పెద్ద చదువరులు కూడా అలాగే అనుకున్నారని సిస్టర్ చెప్పారు. శిలాజాలు లెక్కగట్టిన తర్వాతివాళ్ళకు మరొకటి కనిపించింది. సముద్రం వేడెక్కి, ఊపిరాడక, అందులోని ప్రాణులు దాదాపు అన్నీ చచ్చిపోయిన కాలం ఒకటి వచ్చింది. ఆ దెబ్బ దీపపు చిప్పలకు గట్టిగా తగిలింది. ఖాళీ అయిన చోట ఆల్చిప్పలు పెరిగాయి. ఎవరిని ఎవరు ఎంత నెట్టారన్న వాదన ఇంకా తెగలేదట.

"పక్కోడు పెరిగిండంటే మనల్ని తొక్కే పెరిగిండని కాదు," అన్నారు. నా వైపు చూడలేదు. ఆ చూడకపోవడంలోనే ఆవిడ దయ ఉంది.

రెండు చిప్పలకూ తేడా చెప్పమని డబ్బాను బెంచీల వెంట పంపారు. రంగన్నారు, సైజన్నారు. చివరికి నా దగ్గరకు వచ్చింది.

మా ఇళ్ళలో ఆల్చిప్ప వీపును గరుకు రాయి మీద అరగదీసి చిల్లు పెడతారు. ఆ చిల్లు అంచుతోనే మామిడికాయ చెక్కు తీస్తారు. నాది ఎడమ చేతి వాటం. అందరూ వాడే సగం నాకు కుదరదని నాయనమ్మ నాకోసం జతలో రెండో సగాన్ని ఏరి అరగదీసేది. ఆ అలవాటుతో ఒక సగం పట్టి చూశాను. చేతిలో ఇమడలేదు. రెండోది తీసుకున్నాను.

"ఏందమ్మా, మారుస్తున్నవ్?" అన్నారు సిస్టర్.

"ఇది... ఎడమ చేతి చిప్ప సిస్టర్. అది కుడి చేతిది."

"చిప్పకు చేతులంటనే!" ఎవరో కిసుక్కున నవ్వారు.

"మరి మట్టిదో?" సిస్టర్ నవ్వలేదు.

"దానికి చెయ్యి లేదు సిస్టర్. ఎటు పట్టినా ఒకటే. కానీ పైచిప్ప వేరు, కిందిచిప్ప వేరు."

"గంతే! పుస్తకంల గిదే ఉంది. గింత మంచిగ లేదు." ఆల్చిప్ప సగాలు రెండు అరచేతుల్లా ఒకదానికొకటి జత. దీపపు చిప్ప మన ముఖంలాంటిది. ఏ సగానికి ఆ సగంలోనే కుడి ఎడమలు సమానం. అది చెబుతూ ఆవిడ తన అరచేతులు జోడించి, ముఖం తడుముకుని చూపించారు. బుగ్గకు మట్టి అంటింది.

సాయంత్రం గేటు దగ్గర అడిగాను. "దీపపు చిప్పలు మొత్తం పోయినయా సిస్టర్?"

"ఎవరన్నరు? లోతుల్ల, బురదల్ల ఇంకా ఉన్నయ్. పేరు మోగట్లేదు, గంతే. రేపొస్తవా?"

"అవ్, సిస్టర్."

ఇప్పుడు నేను తల్లాడలో ఒక బడిలో సైన్స్ చెబుతున్నాను. నా గొంతు ఇప్పటికీ చిన్నదే. సిస్టర్ అంత్యక్రియల ప్రార్థనలు అయ్యాక కాన్వెంటులోని మరో సిస్టర్ ఆ బిస్కెట్ డబ్బా నా చేతికిచ్చారు. మట్టిచిప్ప అంచు కొంచెం విరిగింది. దాని మీద ఆవిడ వేలిముద్ర ఉంది.

జూన్‌లో బడి తెరిచాక డబ్బాను బెంచీల వెంట పంపాను. ఎన్నడూ నోరు విప్పని అమ్మాయి ఒకతె చివరి బెంచీలో ఉంది. తల వంచుకుని ఒక చిప్ప తీసుకుంది. కుడి చేత పట్టింది. కాసేపు చూసి, ఎడమ చేతికి మార్చుకుంది.