పెట్టె సర్దిన వేసవి

నేను ఐదో తరగతి రెండుసార్లు చదివాను. రెండూ కలిపితే పదో తరగతే కదా అని పెళ్లిచూపుల్లో చెప్పుకున్న ఘనుణ్ణి. ఆ చదువు అక్కడే ఎందుకు ఆగిందో మాత్రం చెప్పలేదు. మొన్న తాడేపల్లిగూడెం బజారులో కొత్త ట్రంకుపెట్టెల పెయింటు వాసన ముక్కుకి తగలగానే, మిట్టమధ్యాహ్నం ఎండలో నాకు వణుకు పుట్టింది.

మాది ఆకివీడు అవతల కొల్లేటి గట్టున చిన్న పేట. కొల్లేటిలో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేయించిన మరుసటి వేసవి అది. అప్పటిదాకా వేసవంటే నాచు వాసన వేసే నీళ్లలో ఈతలు, గూడబాతుల్ని వెక్కిరిస్తూ గట్ల మీద పరుగులు, అమ్మ మామిడికాయ వేసి వండిన కొరమీను పులుసు, ఆదివారం చర్చిలో పాటల పేరుతో మేం పెట్టే అరుపులు. చెరువులు పోయాక అమ్మానాన్నలకి పని పోయింది, పులుసులో ముక్కలూ పోయాయి.

మా పేటలో హాస్టల్ అంటే దేవుడి మాటే. మిషను దొరసానుల కాలం నుంచి హాస్టల్లో చదివినవాళ్లే టీచర్లూ నర్సులూ అయ్యారు. అందుకే పిల్లలు హాస్టల్‌కి వెళ్తున్నారంటే వీధంతా కలిసి పెట్టె సర్దేది: ఒకరు సబ్బు, ఒకరు కొబ్బరినూనె సీసా, ఇంకొకరు సున్నుండలు; ఆఖర్న అందరూ ఆ పెట్టె మీద చేతులుంచి ప్రార్థన చేసేవారు. తెల్లచొక్కా ఆయనొకడు బైబిలు పట్టుకొచ్చి, "పై రాష్ట్రంలో ఇంగ్లీషు హాస్టలండీ, ఫీజు లేదండీ," అంటే, ఎక్కడ, ఎవరిది అని ఎవరూ అడగలేదు. పెట్టె ఎంత సైజుది కొనాలని అడిగారు.

అక్కకి పన్నెండేళ్లు, నాకు పది. ఏలూరులో రైలెక్కాం. దిగాక హాస్టల్ లేదు. రేకుల షెడ్డు, లోపల మాలాంటి పిల్లలు ఇంకొందరు, ఐసు నీళ్లలో ఒలవాల్సిన రొయ్యలు, బయట తాళం. వేళ్లు పాలిపోయి గోళ్ల చుట్టూ చర్మం ఊడేది. ఏడిస్తే కొట్టేవారు కనక, చిన్నపిల్లలు ఏడవకుండా నన్ను కోతివేషాలు వెయ్యమనేది అక్క. వేసేవాణ్ణి, వ్యాను చప్పుడు వినిపించేదాకా. అది పెద్దపిల్లల కోసం వచ్చేది. ఎక్కిన పిల్ల మళ్లీ కనిపించేది కాదు. కాపలావాడు ఒకరోజు అక్క వైపు వేలు చూపించి, వ్యాను ఆగే చోటూ చూపించాడు. ఆనాటి నుంచి ఏ బండి చప్పుడు విన్నా అక్క నా చెయ్యి ఎముక నొప్పెట్టేలా పట్టుకునేది.

ఒక మధ్యాహ్నం వచ్చింది వ్యాను కాదు, లారీ. ముందు అద్దం పైన తెలుగులో ఆకివీడు అని రాసుంది. రేకు సందులోంచి అక్క పిలిచింది.

"ఏవండీ... మీది ఆకివీడాండీ? మాదీ అక్కడేనండీ. మమ్మల్ని పెట్టి తాళమేశారండీ."

"ఎవరి పిల్లవమ్మా నువ్వు?" అన్నాడు డ్రైవరు.

అక్క నాన్న పేరు చెప్పింది. ఆయన బండెక్కి వెళ్లిపోయాడు. వదిలేశాడనే అనుకున్నాం. మర్నాడు వ్యాను కంటే ముందు పోలీసు జీపుని తీసుకొచ్చాడు.

ఇప్పుడు మా పేటలో వీధంతా కలిసి పెట్టెలు సర్దడాలు లేవు. బైబిలు పట్టుకొచ్చిన కొత్త మనిషినైనా ముందు ఊరూ పేరూ అడుగుతారు. ఆ వ్యాను ఎక్కిన పిల్లల కబురు మాత్రం ఈనాటికీ తెలియదు. అక్క మళ్లీ బడి గడప తొక్కలేదు. క్లాసు తలుపు మూస్తే ఊపిరాడక నేనూ మానేశాను. కిందటి నెల అక్క ఆకివీడులో ఇల్లు కట్టుకుంది. వీధి గుమ్మంతో సహా దేనికీ తలుపు పెట్టించలేదు, అన్నిటికీ కర్టెన్లే. గృహప్రవేశం ప్రార్థనకి వచ్చినవాళ్లు వింతగా చూస్తుంటే, నోరూరుకోక నేనే అందుకున్నాను.

"దొంగలకి పండగేనే అక్కా!"

"దొంగలైతే సామానే కదరా పట్టుకుపోయేది," అంది.