దిగినవాళ్ళ సీట్లు

ఫ్రీ అన్న మాటను నమ్మకూడదని బజారులో నేర్చుకున్నవాణ్ణి, కంప్యూటరు దగ్గరికొచ్చేసరికి నమ్మేశాను. ప్రోగ్రాములో పని తీరిన మెమరీని ఫ్రీ చేస్తే, అంటే ఇక అక్కర్లేదని వదిలేస్తే, అది తిన్నగా యంత్రానికి తిరిగిపోతుందనుకున్నాను. పూతలపట్టు దగ్గర పాలకేంద్రానికి తూకం ప్రోగ్రాము రాసింది ఆ తెలివితోనే.

పొద్దున బాగానే నడిచేది. సాయంత్రం పాలు వచ్చే వేళకు మెమరీ అంతా మింగి ఉబ్బిపోయి కంప్యూటరే బిగుసుకుపోయేది. మేనేజరు పెట్టె మీది రీసెట్ మీట నొక్కి దాన్ని మళ్ళీ మొదటినుంచి నడిపించేవాడు. అప్పటిదాకా తూచిందంతా ఎగిరిపోయేది. క్యాన్లతో నిలబడ్డ రైతులు ఆయన్ని తిట్టేవాళ్ళు, ఆయన నాకు ఫోన్ చేసేవాడు, నేను తిరుపతిలో బస్సెక్కేవాణ్ణి. ఒకసారి నేను లోపల అడుగుపెట్టీ పెట్టకముందే మేనేజరు అందుకున్నాడు.

"ఏమప్పా, నీ ప్రోగ్రాము మా ఆవులకంటే ఎక్కువ మేస్తాండాది. పాలు మాత్రం ఇయ్యదు. ఇంగొకసారి నిలిచిపోయిందంటే దాన్నీ నిన్నూ ఒకే బస్సులో ఎక్కించి పంపిస్తా."

"అన్నీ ఫ్రీ చేసినాను సార్."

"మరి యాడికి పోతాండాది?"

పొద్దుగూకేదాకా వెతికినా నాకూ తెలియలేదు. ఆ అలసటతోనే తిరుగు బస్సులో నిలబడ్డాను. ఊరూరా జనం దిగుతున్నారు. బస్సు మాత్రం చిన్నది కావడం లేదు. ముగ్గురు కూర్చునే సీటు ఖాళీ అయిందో లేదో, కిటికీలోంచి ఎవరో దాని నడుమ తువ్వాలు పడేశారు. ముసలమ్మతో ఎక్కిన మొగుడూ పెళ్ళాం, ముగ్గురికీ ఒకేచోట జాగా దొరక్క, నిలబడిపోయారు. "సీట్లుండాయి, కూసునేదానికి మాత్రం లేదు!" అని ముసలమ్మ గొణిగింది.

నా ప్రోగ్రాములోనూ అదే తంతు. ఫ్రీ చేసిన మెమరీ, మళ్ళీ పనికొస్తుందని, చాలావరకు ప్రోగ్రాము దగ్గరే ఉండిపోతుంది. రైతుకిచ్చే తూకం చీటీ అచ్చువేసి వదిలిన పెద్ద జాగా నడుమ ఒక రైతు పేరూ తూకమూ తువ్వాలులా పడి, సాయంత్రం దాకా కదలవు. తర్వాతి చీటీ అందులో పట్టదు, కొత్త జాగా అడుగుతుంది. ఉబ్బడమంటే అదే.

పేర్లనూ తూకాలనూ ఒక పక్కన కూర్చోబెట్టి, చీటీలకు వేరే జాగా ఇచ్చాను. ఉబ్బడం ఆగింది. మేనేజరు వేలు మాత్రం మీట మీదనుంచి లేవలేదు; అలవాటుకొద్దీ పూటపూటా నొక్కి, తూచిందంతా పోగొడుతూనే ఉన్నాడు. ఆయన టీకి వెళ్ళినప్పుడు పెట్టె విప్పి, ఆ మీట తీగ ఊడదీసి వచ్చాను.

కొన్నాళ్ళకు ఫోన్ మోగింది. చెప్పులు వెతుక్కుంటూనే ఎత్తాను.

"ఈ మధ్య మీట నొక్కినా లెక్క చెదరలేదప్పా. పూటపూటా నేను నొక్కబట్టే నీ ప్రోగ్రాము నిలబడి ఉండాది, తెలుసుకో."

"నొక్కతానే ఉండండి సార్," అన్నాను.