లోయకు చోటు

అతను బోర్డులు రాసేవాడు. గ్రంథాలయం గోడ మీద రాష్ట్రపటం గీసే పని వచ్చింది. కొండలు, నదులు, తీరం, ఎక్కడ ఏ మనుషులు, ఏ భాషలు, అన్నీ కనబడాలి. ఇన్నేళ్ళూ దుకాణాల పేర్లు రాసిన చేతికి మొదటిసారి సముద్రం దొరికింది. జనం తన గోడ ముందు ఆగి చూడాలి. అతనికి కావలసింది అదే.

ఏ ప్రాంతం మీద ఆ ప్రాంతపు భాషలో పలకరింపు రాయడం బావమరిది పని. కొండలోయలో పుట్టినవాడు. సగం రాష్ట్రం మాటలు వాడి నాలుక మీదే ఉంటాయి. పుస్తకాల కోసం వచ్చినవాళ్ళను వాళ్ళ మాటల్లోనే పలకరించేవాడు. వాళ్ళ ముఖాలు విప్పారేవి. పటం గీస్తున్న అతన్ని మాత్రం, "కాస్త పక్కకు జరుగు బాబూ" అనేవారు.

అతనికి ఒళ్ళు మండేది.

"ఏం బావా, అంత నీలం పోస్తున్నావు, ఈత కొడతావా?"

"ముందు నిన్ను ముంచుతాను."

బావమరిది భోజనానికి వెళ్ళాడు. కొండలకు ఇంకా సుద్దగీతే ఉంది. అతను దాన్ని చెరిపి లోపలికి జరిపాడు. లోయ సన్నబడింది. వెంటనే రంగు వేసేశాడు. పక్కన అతను పుట్టిన మైదానం ఒళ్ళు విరుచుకుని పడుకుంది.

బావమరిది తిరిగొచ్చి కుంచె పట్టుకుని నిలబడ్డాడు.

"ఇక్కడ ఒక్క అక్షరం కూడా పట్టదు బావా."

"కొండలు కదా. ఇరుకే."

సాయంత్రం భార్య చూడటానికి వచ్చింది. నది వెంట చూపు నడిపింది.

"మా ఊరేదండీ?"

"అక్కడే."

"ఏటికే చోటు లేదు. ఊరిని జేబులో పెట్టుకున్నారా?"

నవ్వుతూ మునివేళ్ళ మీద లేచి చూసింది. రంగు కింద పాత సుద్దగీత మసక మసకగా కనబడుతోంది. నవ్వు ఆగింది.

"వాడి మీద కుళ్ళుంటే వాడితో పోట్లాడండి. నన్నెందుకు చెరిపారు?"

అతను గుడ్డను కిరసనాయిలులో ముంచి లోయంతా తుడిచాడు. మళ్ళీ గీయబోతే చెయ్యి ఆడలేదు. ఆ లోయ ఎలా ఉంటుందో అతనికి తెలియదు. అత్తవారింటికి వెళ్ళినప్పుడల్లా బస్సులో నిద్రపోయేవాడు.

"ఎంత వెడల్పుంటుందిరా?"

"ఈ ఒడ్డున పిలిస్తే ఆ ఒడ్డున పలుకుతారు. నువ్వు పిలిస్తే పలకరనుకో."

భార్య నవ్వలేదు. అతను సుద్దముక్క బావమరిదికి ఇచ్చాడు. వాడు నిచ్చెనెక్కాడు. ఒక్కసారి కూడా చెయ్యి ఎత్తకుండా గీస్తున్నాడు. లోయ విచ్చుకుంటోంది. తన గీత కంటే బాగుంది.

కింద నిచ్చెనను కదలకుండా పట్టుకోవడం అతనికి చాలా కష్టమైంది.