మా మేనత్తను చంపింది ఆటలు కాదు

మా మేనత్త పోయింది. పర్చూరులో, పొద్దున్నే పెరట్లో పళ్ళు తోముకుంటూ గోడ పట్టుకుని కూచుందట. మళ్ళీ లేవలేదు. నాకు ఫోను చేసింది బాబాయి. ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే అన్నాడు: "ఆ కంప్యూటరు ఆటలే చంపాయమ్మా అక్కని. ఎన్నిసార్లు చెప్పానో. విన్నదా?"

నేను మంగళగిరిలో ఆఫీసుకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకో కాలికి లేదు. ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇవ్వాళ్టికీ కోపమే ముందు వస్తోంది. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. నా చేత కావడం లేదు, చదివేవాళ్ళు సర్దుకోవాలి.

అత్త మా నాన్నకి చెల్లెలు, బాబాయికి అక్క. మామయ్య చిన్న వయసులోనే పోతే పుట్టింటి ఊరికి తిరిగొచ్చి, బస్టాండు దగ్గర ఒక గది తీసుకుని జిరాక్స్ షాపు పెట్టుకుంది. ఒక జిరాక్స్ మిషను, రెండు కంప్యూటర్లు. పిల్లల హాల్ టికెట్ల దగ్గర్నుంచి పంట నష్టం అర్జీల దాకా, చుట్టుపక్కల ఊళ్ళ కాగితాలన్నీ ఆమె చేతుల మీదుగానే పోయేవి. ఒకసారి కంప్యూటరు బాగు చెయ్యడానికి చీరాల నుంచి వచ్చిన మెకానిక్కు అందులో ఒక ఆట వదిలేసి పోయాడు. రాజ్యం కట్టే ఆట. కలప కొట్టించాలి, గనులు తవ్వించాలి, కోట లేపాలి, సైన్యాన్ని పోగుచేసి పక్క రాజు మీదికి పోవాలి. అప్పటికి అత్తకు నలభై నిండబోతున్నాయి. షాపులో బేరం లేని మధ్యాహ్నం ఒకటి ఆమెకు దొరికింది. ఆ మధ్యాహ్నం పదిహేనేళ్ళు సాగింది.

ఇంటరు మధ్యలో ఆగిన చదువు ఆమెది. ఆటల్లో వచ్చే ఇంగ్లీషు కోసం పక్కన నిఘంటువు పెట్టుకునేది. ముట్టడి, కవచం, కిరాయి సైనికుడు, విషానికి విరుగుడు, ఇట్లాంటి మాటలు ఇంగ్లీషులో నాకంటే ఆమెకే బాగా వచ్చు. కరెంటు బిల్లు మీద ఇంగ్లీషు మాత్రం చదవనని మొండికేసేది. "దాంట్లో కథేముందే?" అనేది.

ఆటలంటే ఆమెకు ఇష్టమని రాస్తే తప్పవుతుంది. ఆమె ఆటలతో పోట్లాడేది. నేను పదో తరగతి సెలవుల్లో రెండో కంప్యూటరు ముందు కూచుని ఆడటం నేర్చుకున్నది, ఆమె ఆ తెరను తిడుతుంటే వింటూనే.

"ఈ ఆట చేసినోడు పొలం మొహం చూడలేదే," అంది ఆ తర్వాతెప్పుడో ఒకరోజు. "చూడు. ఒకసారి పొలం వేస్తే చాలు, ప్రతి టర్నుకీ తిండి వచ్చి పడతానే ఉంటది. వాన ఎగ్గొట్టదు, పురుగు పట్టదు. మిరపకి నల్ల తామర పురుగు తగిలిన ఏడు వీణ్ణి తెచ్చి మన చేలో నిలబెడితే తెలిసేది. రాజులు ఎట్టా పడిపోతారో చెప్పే ఆట చేశాడు, రైతెట్టా పడిపోతాడో వీడికి తెలియదు."

ఇంకో రకం ఆటలుంటాయి. మనమే ఒక పాత్రగా మారి ఊరూరా తిరుగుతూ మనుషులతో మాట్లాడతాం. ఎవరైనా ఏదైనా అడిగితే తెర మీద మూడు జవాబులు వస్తాయి, ఒకటి ఎంచుకోవాలి. అత్త ఒకసారి మూడింటినీ వరసగా ఎంచి చూసింది. ఏది ఎంచినా కథ ఒకే చోటికి పోయింది. కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "ఇదుగో, నాకు పెళ్ళిచూపులప్పుడు ఇట్టాగే అడిగారు. నీ ఇష్టం ఏందమ్మా అని. నా ఇష్టంతో పనిలేనప్పుడు అడగటమెందుకు? అడక్కపోతే కనీసం మర్యాదన్నా మిగిలేది." ఆ ఆటను ఆ రోజే తీసేసింది.

ఆడ యోధులకు తొడిగే కవచాలను చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. "మగాడికి మెడదాకా ఇనుము, ఆడదానికి జానెడు! వచ్చే బాణానికి తెలుసా ఏంది ఎవరు మగో ఎవరు ఆడో?"

ఆమె పెట్టుకున్న నియమాలు కొన్ని ఉండేవి. లోకం మునిగిపోతోంది, వెళ్ళి రాక్షసుణ్ణి చంపమని ఆట తొందరపెడుతుంటే, ఆమె మాత్రం దారిలో ఎవరో ముసలమ్మ తప్పిపోయిన మేకను వెతికిపెట్టమంటే ముందు ఆ పని మీద పోయేది. "లోకం రేపు మునిగేదైతే మేక ఇవ్వాళే దొరకాలిగా," అనేది. ఇంకొకటి, తన మనిషి యుద్ధంలో చనిపోతే వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టేది కాదు. నేను ఓడినప్పుడల్లా పాత చోటు నుంచి తిరిగి ఆడేదాన్ని. అది చూసి నా మౌసు మీద చెయ్యి వేసి ఆపింది. "పోయినోడు పోయాడు. వాణ్ణి పోగొట్టుకుంది నువ్వు. ఆ తప్పు మోస్తా ఆడు, అప్పుడు రెండోవాణ్ణి జాగర్తగా చూసుకుంటావు."

ఊరు ఆమెను ఆటల పిచ్చిది అంది. పేకాడే మగవాళ్ళున్న ఊరే. కోడిపందేలకు సింగరాయకొండ దాకా పోయి రెండ్రోజులు ఇంటికి రానివాళ్ళున్న ఊరే. వాళ్ళకు పిచ్చి అని పేరు రాలేదు. యాభై దాటిన ఆడమనిషి, తన షాపులో తన కుర్చీలో కూచుని, తన తెర మీద కోట కట్టుకుంటే పిచ్చి అయింది.

ఈ ఏడు మిరప కోతలు మొదలయ్యే వేళకి ఆమెకు ఆయాసం మొదలైంది. షాపుకి నాలుగే మెట్లు. ఆ నాలుగూ ఎక్కి తలుపు పట్టుకుని నిలబడేది. దవడ లాగుతోందనేది, ఎడమ భుజం బరువంటే బరువనేది. ఊళ్ళో డాక్టరు గ్యాసన్నాడు. మాత్రలతో తగ్గలేదు. బాబాయి గుంటూరులో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకొస్తే, నేనూ మంగళగిరి నుంచి వెళ్ళి కలిశాను. ఆ గదిలో మేం ముగ్గురం ఉన్నాం. కాబట్టి ఇది నేను విన్నదే, ఎవరో చెప్పింది కాదు.

"ఏం చేస్తుంటారమ్మా?" అని అడిగాడు డాక్టరు.

అత్త నోరు తెరిచేలోపు బాబాయి అందుకున్నాడు. "జిరాక్స్ షాపండి. పేరుకే షాపు. ఎప్పుడు చూసినా కంప్యూటర్లో ఆటలేనండి. యుద్ధాలు, రాక్షసులు..."

డాక్టరు కలం ఆపి నవ్వాడు. "ఈ వయసులో ఆటలేంటమ్మా? మనవళ్ళు ఆడుకోవాల్సినవి!"

"మెట్లెక్కితే దవడ లాగుద్దండి," అంది అత్త.

"మెడ వంచుకుని గంటలకొద్దీ కూచుంటే దవడే కాదు, అన్నీ లాగుతాయి. ముందు ఆటలు మానెయ్యండి. నెలకి మళ్ళీ రండి."

మెడకి ఒక నూనె, నిద్రకి ఒక మాత్ర. ఈసీజీ తియ్యలేదు. ఆటలు అనే మాట వినపడ్డాక ఆ గదిలో ఇంకే మాటా వినపడలేదు. మెట్లు వినపడలేదు, భుజం వినపడలేదు. డాక్టరుకి వినపడలేదు, బాబాయికి వినపడలేదు. వాళ్ళను నేను తిట్టగలను, ఇప్పటికి చాలాసార్లు తిట్టాను కూడా. కానీ ఆ రోజు గుంటూరు బస్టాండులో వాళ్ళను బస్సెక్కిస్తూ నేనన్న మాట ఇది: "కొన్నాళ్ళు ఆపి చూడు అత్తా."

ఆమె ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టి నా వైపు తిరిగింది. "నువ్వు గూడానా?" అంది. తర్వాత, అంత ఆయాసంలోనూ, పాఠం చెప్పినట్టు చెప్పింది. "మ్యాపులో వెలుగున్న చోటే చూస్తన్నారే మీరందరూ. శత్రువు వెలుగులో కూచుంటాడా?"

నేను నవ్వాను. ఆ ఆటల్లో మనవాళ్ళు తిరిగిన చోటే వెలుగుంటుంది, మిగతా మ్యాపంతా చీకటి; ఆ భాషలో మాట్లాడుతోందని నవ్వాను. ఆ బస్టాండు దాకా వెనక్కి వెళ్ళి, ఆ నవ్వు మింగేసి, ఆమెను ఆటోలో ఇంకో ఆసుపత్రికి తీసుకుపోవాలని ఇప్పుడు రోజూ అనిపిస్తుంది. అత్త ఒప్పుకోదు. పోగొట్టుకుంది నువ్వు, మొయ్యి అంటుంది.

ఊరెళ్ళాక బాబాయి, ఆట ఉన్న కంప్యూటరు మౌసూ కీబోర్డూ పీకి తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. అత్త పోట్లాడలేదట. అదే నాకు మింగుడు పడదు. అన్నిటితో పోట్లాడే మనిషి ఊరుకుందంటే, అప్పటికే ఎంత అలిసిపోయిందో.

ఇరవయ్యో రోజున నాకు ఫోను చేసింది. "ఆటలాపితే ఆయాసం ఆగిద్దన్నారుగా. ఆటలాగినయ్. ఆయాసం ఆగలా. చెప్పు మీ డాక్టరుకి."

"నెలకి రమ్మన్నాడుగా అత్తా. ఇంకో పది రోజులేగా," అన్నాను.

ఇరవై ఆరో రోజున పోయింది.

పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర బంధువులంతా అదే మాట. ఆటలాడి ఆడి నరాలు పోయాయని ఒకరు, ఆ తెర వెలుతురుకే గుండె ఆగిందని ఇంకొకరు. దూరపు పెద్దమ్మ ఒకావిడ పప్పులో నెయ్యి వేయించుకుంటూ నా వైపు తిరిగింది. "చదువుకున్నదానివి, నువ్వన్నా చెప్పాల్సిందమ్మా ఆటలు మానమని."

"చెప్పాను పెద్దమ్మా," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "నేను చెప్పాను, డాక్టరు చెప్పాడు, బాబాయి చెప్పాడు. అత్త మానేసింది. మానేసిన ఇరవై ఆరో రోజున పోయింది. ఆటలే చంపితే, ఆడని రోజుల్లో ఎట్లా చంపాయి? బాబాయ్, మౌసు ఎక్కడుందో చెప్పు వీళ్ళకి."

వడ్డించేవాళ్ళు ఆగిపోయారు. "ఏందే ఆ మాటలు, తిండి దగ్గర!" అని ఎవరో అన్నారు. బాబాయి విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని లోపలికి పోయాడు. ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి నా పక్కన పెట్టాడు. మౌసూ కీబోర్డూ, తీగలు చక్కగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి.

"అక్క బతకాలనే దాచానమ్మా," అన్నాడు. "నాకేం తెలుసు? అంత పెద్ద డాక్టరు చెబితే నమ్మా."

ఆయన అబద్ధం చెప్పలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. అబద్ధం చెప్పి ఉంటే నా కోపానికి ఒక చిరునామా ఉండేది. ప్రేమతోనే నోరు మూయించాం ఆమెకి, బాబాయీ నేనూ కలిసి. ఆమెకు ఏదంటే ప్రాణమో దాన్నే ఆమె మీద నేరంగా మోపాం. ఒక మగవాడు అదే దవడ నొప్పితో వెళ్ళి పొగాకు బేళ్ళు మోస్తానని చెబితే, ఆ పని మానెయ్ అని నూనె రాసిచ్చి పంపేవారా? నాకు తెలియదు. పంపేవారు కాదనే అనుకుంటాను.

పోయిన వారం బాబాయికి ఛాతీలో పట్టేసినట్టుంటే ఒంగోలు తీసుకెళ్ళాను. డాక్టరు మామూలుగానే "ఏం చేస్తుంటారు?" అని అడిగింది. బాబాయి చేతులు కట్టుకుని కూచుని అన్నాడు: "ముందు నా నొప్పి రాసుకోండమ్మా. ఏం చేస్తానో తర్వాత చెబుతా." ఆమె ఒక్క క్షణం చూసి, సరేనని రాసుకుంది. ఈసీజీ తీయించింది. భయం లేదంది. బయటికొచ్చాక బాబాయి కారిడార్లో బెంచీ మీద కూచుని, అక్క పోయిన రోజు కన్నా ఎక్కువగా ఏడ్చాడు. నేను పక్కన కూచున్నాను. ఓదార్చలేదు. లేచి కూడా పోలేదు.

ఈ కోపం తగ్గుతుందో లేదో తెలియదు. తగ్గకపోయినా పరవాలేదు. కానీ అత్త అనగానే ఆ గుంటూరు డాక్టరు నవ్వే గుర్తొస్తే నేను ఆమెను రెండోసారి పోగొట్టుకున్నట్టే. అందుకని ఒక మధ్యాహ్నం గురించి చెప్పి ఆపుతాను.

రెండేళ్ళ క్రితం, ఎండాకాలం. నేను షాపులో ఉన్నాను. అత్త నిలబడే ఆడుతోంది. ఏటికి అవతల పెద్ద సైన్యం, ఇవతల ఆమెవి పాతిక గుర్రాలు. ఒక పెద్దాయన జిరాక్స్ కోసం కాగితాలు పట్టుకుని లోపలికొచ్చాడు. అప్పుడే కల్లంలో మిర్చి ఎత్తి వచ్చినట్టున్నాడు, చేతులు ఎర్రగా ఉన్నాయి, ఆయన రాగానే నాకు తుమ్ములు. ఆయన కాసేపు తెర వైపు చూశాడు.

"గెలుస్తన్నావా అమ్మా?"

"ఇంకా లేదు పెద్దాయనా. కూచో."

ఆయన స్టూలు లాక్కుని కూచున్నాడు. కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. మరికాసేపయ్యాక ముందుకు వంగి, వేలు తెరకు తగలకుండా గాలిలోనే చూపించాడు.

"ఆ గుర్రాలని ఏటి కట్ట ఎనక దాచమ్మా. వాళ్ళని దిగనియ్యి. నీళ్ళల్లో ఉన్నోడు తొందరగా తిరగలేడు."

అత్త తల తిప్పి ఆయన్ను చూసింది. అన్నేళ్ళలో ఒక్కరు కూడా ఆమెకు ఆటలో సలహా ఇవ్వలేదు. గుర్రాలను ఒక్కొక్కటిగా కట్ట వెనక్కి నడిపించింది. తర్వాత కుర్చీ ఆయన పక్కకు జరుపుకుని కూచుంది. అవతలి సైన్యం ఏట్లోకి దిగడం మొదలుపెట్టింది. ఇద్దరూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా, ఆ నీళ్ళనే చూస్తున్నారు.