నేను వెళ్లని క్వార్టర్

నేను బెల్లంపల్లిలో ఒక గనికి అండర్ మేనేజరుగా చేరినప్పుడు మా మేనేజరుకు ఒక పిచ్చి ఉండేది. ఎవడైనా వరసగా మూడు రోజులు నాగా పెడితే, స్కూటర్ వేసుకుని తానే వాడి క్వార్టర్‌కు వెళ్లేవాడు. వాకిట్లో నిలబడి వాడకట్టంతా వినేలా తిట్టేవాడు.

"నీ బాపు పేరు తీస్తున్నవ్ గదరా! లే, తానం జేసి రా!"

వాడు తల దించుకుని బయటికొచ్చేవాడు, మర్నాడు షిఫ్టుకు దిగేవాడు. ఈయన మేనేజరా, మేనమామా అని మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. నా మొహం, నవ్వడానికి నాకేం తెలుసని!

నేను మేనేజరునయ్యేసరికి పని మారిపోయింది. పొద్దున గనిలోకి దిగి వచ్చానంటే, ఇక కంప్యూటర్ ముందే. టార్గెట్లు, రిపోర్టులు, వీడియో మీటింగులు. నాగాల జాబితా దానంతటదే తయారై వచ్చేది, నేను సంతకం పెడితే చాలు. ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. నిజం చెప్పొద్దూ, హాయిగానే ఉండేది.

ఒక ఆదివారం కూడా నేను ఆఫీసులోనే ఉంటే, ఒకామె చర్చి నుంచి నేరుగా అక్కడికి వచ్చింది. ఆమె భర్త మా గనిలో పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలిపే మనిషి. మంచి పనిమంతుడు, తాగుడు మరిగి డ్యూటీ ఎగ్గొడుతున్నాడు. ఇంకొన్ని నాగాలైతే ఉద్యోగం ఊడుతుంది.

"నా మాట ఇంటలేడు సార్. మీరు జర ఇంటికచ్చి గట్టిగ రెండు మాటలు చెప్పుండ్రి. మీరంటే బయం ఆయనకు."

నాకు మీటింగుకు వేళవుతోంది. "చూస్తానమ్మా" అన్నాను, ఆమెను పంపించడానికి. ఆమె దండం పెట్టి వెళ్లింది. మర్నాడు కౌన్సెలింగ్‌కు రమ్మని అతనికి కాగితం పంపి, చేతులు దులుపుకున్నాను. అతను రాలేదు. కొన్నాళ్లకు డిస్మిస్ కాగితం నా టేబుల్ మీదికొచ్చింది. సంతకం పెట్టాను.

రిటైరయ్యాక మంచిర్యాల బస్టాండులో అతనే నన్ను గుర్తుపట్టి పలకరించాడు. బక్కచిక్కిపోయాడు. ఏదో లాడ్జీలో వాచ్‌మన్‌గా ఉన్నాడట. బుద్ధి లేక, పాత అలవాటుతో గద్దించాను, కౌన్సెలింగ్‌కు ఎందుకు రాలేదయ్యా అని.

"గా కాగితాలు శాన అచ్చినయ్ సార్, ఏదేందో నాకేమెరుక? మీరు ఇంటికస్తరని మా ఆమె చెప్పింది. మూడొద్దులు చుక్క ముట్టలే. పొద్దుగాల్నే తానం జేసి, మీకోసం కుర్సీ తుడిచి పెట్టి, వాకిట్ల కూసున్న."

అతని గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపేసింది.

"మీరచ్చి తిడితే డూటీకి పోదామని కూసున్న సార్."